భుజం మీద తాళం: మృదంగం నేర్చుకునేవారికి అదిరే మెట్రోనోమ్ తయారుచేసుకోవడం ఎలా

క్లాసులో గురువుగారు ఎదురుగా కూర్చుని తాళం వేస్తుంటే పాఠం చక్కగా కుదురుతుంది. అదే పాఠం ఇంట్లో ఒంటరిగా వాయిస్తే నాలుగు ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు) తిరిగేసరికి కాలం ఎక్కడికో వెళ్ళిపోతుంది. అలవాటైన సొల్లు (‘తకధిమి’ లాంటి మృదంగం అక్షరాల వరస) వస్తే చెయ్యి పరుగెడుతుంది, చిక్కు సొల్లు దగ్గర నెమ్మదిస్తుంది. వాయించేవారికి మాత్రం అంతా సమంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు ఇబ్బంది అదే.

ఫోన్‌లో మెట్రోనోమ్ (సమంగా టిక్కుమంటూ లెక్క చూపే సాధనం) పెట్టుకుంటే మృదంగం మోతలో ఆ టిక్కు వినపడదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సౌండు పెంచితే చెవులకు ప్రమాదం. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదనీ, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గాలనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ చెబుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. డ్రమ్ సెట్ వాయించేవారు ఆ మోతను మించి క్లిక్ వినాలని చూస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా టిక్కు వినడంలో చెవి పడిపోతే మన నాదం ఎలా ఉందో వినడం మానేస్తాం. ‘తొం’ గుండ్రంగా పలికిందా, ‘నం’ తేటగా వచ్చిందా అన్నది ఇక ఎవరు వినాలి?

అందుకే తాళాన్ని చర్మానికి అప్పగించి, చెవిని మృదంగానికే వదిలేద్దాం. ఫోన్లలో ఉండే చిన్న అదురు మోటార్ ఒకటి, దాన్ని నడిపే చిన్న బోర్డు ఒకటి, మూడు పెన్సిల్ సెల్స్ ఉంటే పని జరుగుతుంది. ఖర్చు వెయ్యి రూపాయల లోపే. సౌండ్‌బ్రెన్నర్ పల్స్ లాంటి రెడీమేడ్ పరికరాలు బజార్లో ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. అయినా సొంతంగా చేసుకోమని చెప్పడానికి నాకు ఒక కారణం ఉంది. నేర్చుకునేవారికి కావలసింది ఎప్పుడూ మోగుతూ ఉండే పరికరం కాదు. పాఠం కుదిరేకొద్దీ మౌనంలోకి జరిగిపోయే పరికరం కావాలి. ఎక్కడ అదరాలి, ఎక్కడ ఊరుకోవాలి, ఎన్ని ఆవర్తనాలు ఊరుకోవాలి అన్నది మన తాళాలకూ మన పాఠాల వరసకూ తగినట్టు మన చేతిలో ఉండాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ దానికోసమే.

ముందు ఒంటి మీద చోటు వెతకండి

సోల్డరింగ్ ఐరన్ పట్టుకోకముందే ఈ పని ముగించండి. ఏదైనా మెట్రోనోమ్ యాప్‌లో వైబ్రేషన్ ఆన్ చేసి, నిమిషానికి 60 లెక్కలు పెట్టి, ఫోన్‌ను కండువాతో ఒక్కో చోట కట్టుకుని వాయించి చూడండి.

అందరికీ ముందు తట్టేది మణికట్టు. అది వద్దు. కదులుతున్న అవయవం మీద స్పర్శ బాగా మందగిస్తుంది. మన కదలిక వల్ల పుట్టే స్పర్శను మెదడు తనంతట తానే తగ్గించి చూపిస్తుంది. దానికి తోడు ప్రతి దెబ్బకీ చేతికి తగిలే అదురు ఉండనే ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు మణికట్టు మీద స్పష్టంగా తెలిసిన అదురు, ‘తకధిమి’ రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి వచ్చేసరికి మాయమవుతుంది. స్మార్ట్‌వాచ్‌తో సాధన చేసి విసిగిపోయేవారికి జరిగేది ఇదే.

కాళ్ళు కూడా మృదంగానికి పనికిరావు. కుడి మూత ఉన్న వైపు కుడి పాదం, చీలమండ మీద ఆనుతుంది. మడిచిన ఎడమ కాలు మృదంగం ఒంటికి తాకుతూ ఉంటుంది. వాద్యం అదురంతా కాళ్ళలోనే తిరుగుతుంటే అందులో మన అదురును విడిగా పట్టుకోలేం.

మిగిలినవాటిలో మంచి చోట్లు మూడు: ఎడమ కాలర్ ఎముక కింద, ఎడమ భుజం వెనక, వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య. మూడింటిలోనూ ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది, వాయించేటప్పుడు పెద్దగా కదలదు. వేగంగా అదిరేవాటిని పసిగట్టే పచీనియన్ గ్రాహకాలు చర్మం లోతుల్లో ఉంటాయి. సెకనుకు 250 కంపనాల దగ్గర వాటికి చురుకు ఎక్కువ. మనం వాడబోయే మోటార్ నిమిషానికి సుమారు 12,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 200. కాబట్టి ఆ చిన్న మోటారే సరిపోతుంది, పెద్దది అక్కర్లేదు.

చోటు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష. మీరు ‘త ధి తొం నం’ ఆపకుండా వాయిస్తూ ఉండండి. ఇంట్లో ఎవరినైనా ఉన్నట్టుండి యాప్ ఆపమనండి. రెండు అక్షరాలు (తాళం లెక్కలు) దాటకముందే అదురు ఆగిందని మీకు తెలియాలి. తెలియకపోతే అక్కడ వద్దు, ఇంకో చోట చూడండి. ఈ పరీక్ష మూడో కాలంలో కూడా చెయ్యండి. చాలా చోట్లు మొదటి కాలంలో గట్టెక్కి మూడో కాలంలో తేలిపోతాయి.

సామాను

ఆర్డుయినో నానో బోర్డు (ప్రోగ్రామ్ ఎక్కించి నడిపే చిన్న బోర్డు), 10 మిల్లీమీటర్ల కాయిన్ వైబ్రేషన్ మోటార్ (3 వోల్టులది), 2ఎన్2222 ట్రాన్సిస్టర్, 1ఎన్4007 డయోడ్, 470 ఓమ్స్ రెసిస్టర్, 100 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్, 10 కిలో ఓమ్స్ పొటెన్షియోమీటర్ (వేగం మార్చడానికి తిప్పే గుండీ), రెండు పుష్ బటన్లు, ఒక ఆన్ ఆఫ్ స్విచ్, మూడు పెన్సిల్ సెల్స్ పట్టే హోల్డర్, ఒక ఎల్‌ఈడీ, దానికి 330 ఓమ్స్ రెసిస్టర్. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. ఊళ్ళలో ఉన్నవారు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మోటార్లు మాత్రం రెండు మూడు ఎక్కువే తెప్పించండి. వాటి తీగలు వెంట్రుకల్లా ఉంటాయి, ఒకటైనా తెగకుండా పని పూర్తవదు.

బీసీ547 చవగ్గా దొరుకుతుంది కదా, అది వేస్తే పోలా అంటారేమో. దాని పరిమితి 100 మిల్లీఆంపియర్లు. మోటార్ కదలడం మొదలయ్యే క్షణంలో అంతకు మించి లాగవచ్చు. 2ఎన్2222 అయితే ఆ భయం లేదు.

లిథియం బ్యాటరీ బదులు పెన్సిల్ సెల్స్ చెప్పడానికీ కారణం ఉంది. చిన్నపిల్లలు ఒంటికి కట్టుకునే వస్తువు ఇది. చెమట తగులుతుంది, కింద పడుతుంది, ఎవరో ఒకరు పైన కూర్చుంటారు. మూడు ఆల్కలైన్ సెల్స్ కలిపితే 4.5 వోల్టులు. నానోకు అది చాలు, వారాల తరబడి వస్తుంది. రీచార్జబుల్ సెల్స్ వాడాలనుకుంటే ఒక్కొక్కటి 1.2 వోల్టులే కాబట్టి నాలుగు వెయ్యండి. పవర్‌బ్యాంక్ మాత్రం వద్దు. ఇంత తక్కువ కరెంటు లాగితే చాలా పవర్‌బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి.

వైరింగ్

నానో పిన్ను నుంచి మోటార్‌కు నేరుగా తీగ ఇవ్వకండి. ఆ పిన్ను 40 మిల్లీఆంపియర్లు దాటితే చిప్ దెబ్బతింటుంది. మోటార్‌కు అంతకు రెట్టింపు కావాలి. పిన్ను ట్రాన్సిస్టర్‌ను తెరుస్తుంది, ట్రాన్సిస్టర్ మోటార్‌ను నడుపుతుంది.

నానో డీ3 పిన్ను నుంచి 470 ఓమ్స్ రెసిస్టర్ మీదుగా ట్రాన్సిస్టర్ బేస్‌కు తీగ ఇవ్వండి. ఎమిటర్‌ను గ్రౌండ్‌కు కలపండి. కలెక్టర్‌కు మోటార్ ఒక తీగ, మోటార్ రెండో తీగ సెల్స్ ప్లస్‌కు. డయోడ్‌ను మోటార్ రెండు తీగలకూ అడ్డంగా వేసి, తెల్ల గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉంచండి. మోటార్ ఆగేటప్పుడు వెనక్కి కొట్టే వోల్టేజీ నుంచి ట్రాన్సిస్టర్‌ను కాపాడేది అదే. కెపాసిటర్‌ను సెల్స్ ప్లస్, మైనస్‌ల మధ్య, మోటార్‌కు దగ్గరగా పెట్టండి. అది లేకపోతే మోటార్ లాగిన ప్రతిసారీ వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయి, బోర్డు మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. సమం (ఆవర్తనంలో మొదటి లెక్క) ఎక్కడుందో మీకూ తెలియదు, దానికీ తెలియదు.

సెల్స్ ప్లస్ తీగ స్విచ్ మీదుగా నానో 5వీ పిన్నుకు వెళ్ళాలి, మైనస్ తీగ గ్రౌండ్‌కు. ప్లస్, మైనస్ తారుమారైతే బోర్డు పోతుంది, అక్కడ కాపాడేది ఏదీ ఉండదు. కంప్యూటర్ కేబుల్ పెట్టేటప్పుడు ఈ స్విచ్ తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే కేబుల్ కరెంటు మామూలు సెల్స్‌లోకి వెళ్ళి అవి కారిపోతాయి. పొటెన్షియోమీటర్ మధ్య కాలు ఏ0కు, చివరి రెండు కాళ్ళు 5వీకి, గ్రౌండ్‌కు. బటన్లు డీ4, డీ5 నుంచి గ్రౌండ్‌కు. ఎల్‌ఈడీ డీ6 నుంచి. 2ఎన్2222 పేరుతో వచ్చే ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లలో కాళ్ళ వరస కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీకు దొరికినదాని డేటాషీట్ ఒకసారి చూసుకోండి.

మోటార్‌ను ఒంటికి అమర్చడం

మోటార్‌ను నేరుగా బట్టకు కుట్టేస్తే అదురు సగం బట్టలోనే పోతుంది. గడువు తీరిన ఏటీఎం కార్డులోంచి రెండు రూపాయల నాణెం కంటే కొంచెం పెద్ద ముక్క కత్తిరించండి. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. మోటార్ వెనక ఉండే జిగురుతో దానికి అంటించండి. ఆ ప్లాస్టిక్ ముక్క చర్మం వైపు, పలచటి బనియన్ మీద ఆనాలి. మోటార్ పైన స్పాంజి ముక్క, దాని పైన ఎలాస్టిక్ పట్టీ. స్పాంజి వల్ల అదురు పట్టీలోకి పోకుండా ఒంటి వైపే వెళుతుంది. పట్టీని మరీ బిగించకండి. గట్టిగా నొక్కితే మోటార్ సరిగ్గా అదరదు, చర్మం కూడా తిమ్మిరెక్కుతుంది. ఒక వేలు దూరేంత వదులు ఉంటే చాలు.

మోటార్ తీగల మొదట్లో హాట్ గ్లూ చుక్క వేసి, అక్కణ్ణుంచి మందమైన తీగకు మార్చండి. ఆ మందమైన తీగకు మోటార్ దగ్గరే ఒక చిన్న మెలిక ఇచ్చి పట్టీకి కుట్టేస్తే, పిల్లలు లాగినా బరువు పట్టీ మీద పడుతుంది. పెట్టె నడుముకు క్లిప్పుతో పెట్టుకోవచ్చు, పక్కన పెట్టుకున్నా ఫర్వాలేదు.

ప్రోగ్రామ్: ఇక్కడ తొందరపడకండి

ప్రోగ్రామింగ్ రానివారు ఈ భాగాన్ని ఇంట్లోనో పక్కింట్లోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు చూపించండి, ఒక సాయంత్రం పని. కానీ ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి. ఎందుకంటే లయ తెలియనివారు రాస్తే బోర్డు బాగానే అదురుతుంది, తాళం మాత్రం నిలవదు.

మొదటిది, డిలే వాడవద్దని చెప్పండి. ‘ఇంతసేపు ఆగు, అదురు, మళ్ళీ ఆగు’ అని రాస్తే, మధ్యలో బటన్ చూడడానికీ గుండీ చదవడానికీ పట్టే సమయం ప్రతి లెక్కకూ వచ్చి కలుస్తుంది. ప్రతి లెక్కకూ 5 మిల్లీసెకన్లు చేరితే నాలుగు ఆదితాళ ఆవర్తనాలకు, అంటే 32 లెక్కలకు, 160 మిల్లీసెకన్లు. నిమిషానికి 80 వేగంలో అక్షరంలో నాలుగో వంతు 187 మిల్లీసెకన్లు. దాదాపు ఒక మాత్ర పోయినట్టే. దానికి బదులు ‘తరువాతి లెక్క వేళ’ అని ఒక అంకె పెట్టుకుని, ప్రతిసారీ దానికి ఖచ్చితంగా 60,000ను వేగంతో భాగించగా వచ్చినన్ని మిల్లీసెకన్లు కలుపుకుంటూ పోవాలి. 80కి 750, 60కి 1000. కలపాల్సింది ఇప్పటి సమయానికి కాదు, వెనకటి లెక్క వేళకు. అప్పుడు ఒక లెక్క కాస్త అటూ ఇటూ అయినా తరువాతిది తన చోటుకే వస్తుంది.

రెండోది, నేను ముఖ్యమనుకునేది. సమాన్నీ మిగతా లెక్కలనూ ఎలా వేరు చెయ్యాలి? సమం గట్టిగా, మిగతావి మెల్లగా అదరాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ మోటార్లతో అలా చెయ్యకూడదు. కాయిన్ మోటార్ లోపల ఒక పక్కకు బరువున్న చక్రం తిరుగుతుంది. ఆగి ఉన్న చక్రం వేగం అందుకోవడానికి 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది. తక్కువ కరెంటు ఇస్తే ఇంకా ఆలస్యం. అంటే మెల్లగా అదిరే లెక్కలన్నీ ఒంటికి ఆలస్యంగా తెలుస్తాయి, సమం ముందుగా తెలుస్తుంది. లెక్కల మధ్య దూరాలు ఎగుడుదిగుడు అవుతాయి, నేర్చుకునే పిల్ల ఆ ఎగుడుదిగుడునే లయ అనుకుని చేతిలో ఎక్కించుకుంటుంది. కాబట్టి అన్ని లెక్కలూ ఒకే బలంతో మొదలవ్వాలి, తేడా నిడివిలో మాత్రమే ఉండాలి. మొదటి 30 మిల్లీసెకన్లు పూర్తి కరెంటు, ఆ తరువాత పూర్తి కరెంటును 255 అనుకుంటే అందులో 165 చొప్పున. సమానికి 120 మిల్లీసెకన్లు, దెబ్బ పడే లెక్కలకు 80, వేళ్ళ లెక్కలకూ విసుర్లకూ 50. మొదలు ఒకేలా ఉండి నిడివి మారితే ఒంటికి తేడా ఇట్టే తెలుస్తుంది, లయ చెదరదు.

మూడోది తాళాల పట్టిక. ఆదితాళం 8: చతురశ్ర లఘువు నాలుగు (ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్కలు), రెండు ద్రుతాలు (ఒక్కోదానిలో ఒక దెబ్బ, ఒక విసురు). దెబ్బలు 1, 5, 7 మీద. రూపకం 3. మిశ్రచాపు 7, అదురు 1, 4, 6 మీద. ఖండచాపు 5, అదురు 1, 3 మీద. చాపు తాళాల్లో మాత్రలు వేగంగా నడుస్తాయి కాబట్టి గుండీ చూపే వేగాన్ని ప్రోగ్రామ్‌లో రెట్టింపు చేయించండి, ప్రతి మాత్రకూ అదరనివ్వకండి. మోటార్ ఆగడానికి కూడా సమయం కావాలి. దగ్గర దగ్గరగా కొడితే అన్నీ కలిసిపోయి గీ అని ఒకటే మోతగా తెలుస్తుంది. నడకలోని మాత్రలను, అంటే ఒక్కో లెక్క లోపలి చిన్న భాగాలను, అదిరించమని చాలామంది అడుగుతారు. తిశ్రమైతే మూడు, ఖండమైతే ఐదు చొప్పున. వద్దు. ‘తకిట’, ‘తకతకిట’ నోట్లో ఉండాలి. దాన్ని కూడా పరికరానికి అప్పగిస్తే నేర్చుకునేవారికి చెయ్యడానికి ఇంకేం మిగలదు.

నాలుగోది మౌనం. రెండో బటన్ నొక్కినప్పుడల్లా ఒక మెట్టు మారాలి:

మొదటి మెట్టులో ఎనిమిది లెక్కలూ అదురుతాయి.
రెండో మెట్టులో దెబ్బలు మాత్రమే, 1, 5, 7.
మూడో మెట్టులో సమం ఒక్కటే.
నాలుగో మెట్టులో రెండు ఆవర్తనాలకు ఒక సమం.
ఐదో మెట్టులో నాలుగు ఆవర్తనాలకు ఒక సమం.

నిమిషానికి 60 వేగంలో ఆదితాళ ఆవర్తనం 8 సెకన్లు. ఐదో మెట్టులో ఒక అదురుకూ ఇంకో అదురుకూ మధ్య 32 సెకన్ల నిశ్శబ్దం. అంతసేపు కాలాన్ని మోయాల్సింది మీరే.

చూడకుండా తిప్పగలిగే గుండీ

వేగం 40 నుంచి 160 వరకు, నాలుగేసి చొప్పున పెరిగేలా పెట్టండి. ఒక్కొక్కటి పెరిగేలా పెడితే గుండీ మీద చెయ్యి ఆనినా వేగం ఊగిసలాడుతుంది. గుండీని సమం దగ్గర మాత్రమే చదవమని ప్రోగ్రామ్‌లో రాయించండి. ఆవర్తనం మధ్యలో కాలం మారకూడదు.

గుండీ చుట్టూ పెట్టె మీద ఎమ్-సీల్‌తో చిన్న చుక్కలు పెట్టండి: 60 దగ్గర ఒకటి, 80 దగ్గర రెండు, 100 దగ్గర మూడు, 120 దగ్గర నాలుగు. కొనగోటితో తడిమితే వేగం తెలిసిపోతుంది. చూపు లేని విద్యార్థులకు ఇది తప్పనిసరి. చూపున్నవారికీ మేలే, మృదంగం ఒళ్ళో ఉండగా వంగి చూడక్కర్లేదు. తాళం బటన్ నొక్కితే ఆ తాళానికి ఎన్ని లెక్కలో అన్ని చిన్న అదురులు ఒకసారి వినిపించి ఊరుకోవాలి. మెట్టు బటన్ కూడా అంతే, మూడో మెట్టైతే మూడు. తెర, అంకెలు, లైట్లు ఏవీ పెట్టకండి. చూడడానికి ఏదైనా ఉంటే పిల్లలు దాన్నే చూస్తారు. సామానులో చెప్పిన ఎల్‌ఈడీ పరీక్ష కోసమే, తరువాత పీకేయవచ్చు.

బొంబాయి రవ్వ పరీక్ష

మోటార్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి, ప్లాస్టిక్ ముక్క మీద నాలుగైదు రవ్వ గింజలు వెయ్యండి. పక్కనే ఎల్‌ఈడీ. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేముల దగ్గర పెట్టి వీడియో తియ్యండి. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. దీపం వెలిగిన ఫ్రేము నుంచి గింజ కదిలిన ఫ్రేము వరకు లెక్కపెట్టండి. పది ఫ్రేములంటే 42 మిల్లీసెకన్ల ఆలస్యం. ఇక్కడ చూడాల్సింది ఆలస్యం ఎంత అని కాదు, సమానికీ 5కీ 2కీ ఒకే ఆలస్యం ఉందా అని. ఒంటరి సాధనలో అన్ని లెక్కలూ ఒకేలా ఆలస్యమైతే నష్టమేమీ లేదు. ఒకటి పది, ఇంకొకటి పదహారు ఫ్రేములు వస్తే ప్రోగ్రామ్‌లో మొదటి 30 మిల్లీసెకన్ల భాగం సరిచూడండి. సెల్స్ పాతబడినా ఆలస్యం పెరుగుతుంది. మూడూ కలిపి 3.8 వోల్టులకు దిగగానే మార్చేయండి.

తరువాత మోటార్‌ను స్టీలు పళ్ళెం మీద పెట్టి, 60 వేగంలో ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చెయ్యండి. 300 చప్పుళ్ళు రావాలి. ఒక సెకను అటూ ఇటూ అయినా కంగారుపడకండి. నానోలో సమయం చూసే భాగానికి అర శాతం దాకా తేడా ఉండవచ్చు. 80 అనుకున్నది 80.4 అవుతుంది, అది ఎవరికీ తెలియదు. కానీ ఇద్దరు విద్యార్థులు రెండు వేరు వేరు పెట్టెలతో కలిసి వాయిస్తే నిమిషం తిరిగేసరికి ఆ తేడా బయటపడుతుంది. ఇద్దరికీ ఒకే పెట్టె నుంచి రెండు మోటార్లు ఇవ్వండి, ఒక్కోదానికి ఒక్కో ట్రాన్సిస్టర్.

సాధన ఎలా చెయ్యాలి

మొదటి రోజు మృదంగం తియ్యకండి. పట్టీ కట్టుకుని, 60లో పెట్టి, చేత్తో తాళం వేస్తూ నోటితో సొల్లు చెప్పండి. తొడ మీద చెయ్యి పడే క్షణమూ భుజం మీద అదురూ ఒకటయ్యేదాకా అదే పని. పిల్లలు అదురు కోసం ఎదురుచూసి, అది తెలిశాక చెయ్యి వేస్తారు. అలా చేస్తే తాళం వేస్తున్నది పరికరం, చెయ్యి దాని వెనక నడుస్తున్నట్టు. ఈ అలవాటు మొదటి రోజే విరగాలి. అందుకు మందు రెండో మెట్టు. వేళ్ళ లెక్కలకు అదురు లేకపోతే చెయ్యి తనంతట తానే నడవాలి కదా.

మృదంగం అందుకున్నాక గమనించాల్సిన సంగతి ఒకటుంది. దెబ్బ సరిగ్గా లెక్క మీద పడితే అదురు దెబ్బలో మునిగిపోతుంది, విడిగా తెలియదు. అదురు ముందు తెలిసి దెబ్బ తరువాత పడితే మీరు వెనకబడ్డారు. దెబ్బ పడ్డాక భుజం అదిరితే పరుగెత్తారు. అంటే అదురు తెలియకపోవడమే సరిగ్గా ఉన్నందుకు గుర్తు. 72లో ఆదితాళం, మూడో మెట్టు అనుకోండి. చివరి ద్రుతం విసురు అయిపోయింది, ‘తధిగిణతొం’ ముగుస్తోంది, రెండు చేతులూ సమం మీదికి దిగుతున్నాయి. ఆ క్షణంలో భుజం మీద ఏమీ జరగనట్టుంటే వాయించడం కొనసాగించండి. దెబ్బ పడ్డాక భుజం వెనక జుమ్మని ప్రత్యేకంగా తెలిస్తే, ఆ ముందు ఎక్కడో పరుగెత్తారన్నమాట. చాలాసార్లు అది ముగింపు సొల్లులోనే ఉంటుంది.

తేడా తెలియగానే చటుక్కున సర్దుకోకండి. ఒక్కసారిగా కాలం కుదిపితే లోపం ఎక్కడుందో కనిపించకుండా పోతుంది. ఆ ఆవర్తనం అలాగే నడిపించి, తరువాతిదానిలో నోటి సొల్లుతో నెమ్మదిగా కలుపుకోండి.

పాఠం వరస ఇలా పెట్టుకోవచ్చు. ఒక వేగంలో మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం, గుండీ ముట్టుకోకుండా. మూడు కాలాలూ మూడో మెట్టులో నిలిస్తే నాలుగో మెట్టుకు వెళ్ళండి. అక్కడా నిలిస్తే అప్పుడు వేగం 4 పెంచి మళ్ళీ రెండో మెట్టుకు దిగండి. వేగం పెంచడం కంటే మౌనం పెంచడం ముందు జరగాలి. 120లో ప్రతి లెక్కా అదురుతుంటే వాయించగలిగినవారు, 60లో నాలుగు ఆవర్తనాల మౌనం తరువాత సమానికి చేరలేకపోవడం మామూలే. లెక్కకూ లెక్కకూ మధ్య దూరం పెరిగేకొద్దీ దాన్ని నింపడం కష్టం, విలంబం (నెమ్మది కాలం) కష్టమనేది అందుకే. ఇరవై నిమిషాలకోసారి పట్టీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చండి. ఒకేచోట అదురుతూ ఉంటే చర్మం దానికి అలవాటుపడిపోతుంది.

వేరే వాద్యాలకు

డప్పు ఎడమ భుజానికి వేలాడుతుంది కాబట్టి మోటార్ కుడి భుజం వెనక ఉండాలి. సిర్ర (డప్పు వాయించే పుల్ల) దెబ్బకు కుడి చెయ్యి మొత్తం కదులుతుంది, అందుకే భుజం చివర కాకుండా వెన్నుకు దగ్గరగా. నడుస్తూ, చిందేస్తూ వాయించేటప్పుడు అడుగుల అదురు కూడా కలుస్తుంది. నిలబడి సాధన చేసేటప్పుడే దీన్ని వాడండి.

తబలాకు తీన్‌తాళ్ పెట్టుకుంటే 16 మాత్రల్లో 9వది ఖాళీ, అంటే దెబ్బ పడని చోటు. అక్కడ అదురు ఇవ్వకండి. 1, 5, 13 మీద అదిరి 9 మీద ఊరుకుంటే ఖాళీ ఎక్కడుందో ఒంటికి దానంతట అదే తెలుస్తుంది.

డ్రమ్ సెట్ వారికి రెండు కాళ్ళూ పనిలో ఉంటాయి, వీపే మంచి చోటు. కూర్చునే స్టూలు కిందే పెద్ద అదురు యంత్రం బిగించే బట్‌కికర్ లాంటివి వృత్తి కళాకారులు వాడతారు. వాటికి ఆంప్లిఫయర్ కావాలి, నేర్చుకునేవారికి అంత అక్కర్లేదు.

వినికిడి లేని పిల్లలకు తాళవాద్యం నేర్పేవారు దీన్ని తప్పకుండా ప్రయత్నించాలి. స్కాట్లాండ్ తాళవాద్య కళాకారిణి ఎవెలిన్ గ్లెన్నీ పన్నెండేళ్ళ వయసుకే దాదాపు పూర్తిగా వినికిడి కోల్పోయినా, చెప్పులు లేకుండా వేదిక మీద నిలబడి నాదాన్ని ఒంటితో పట్టుకుంటూ ప్రపంచమంతా కచేరీలు చేశారు. అలాంటి పిల్లలకు రెండు మోటార్లు ఇవ్వండి. ఒకటి సమానికి, ఇంకొకటి మిగతా లెక్కలకు. వీపు మీద నాలుగు సెంటీమీటర్ల లోపు దూరంలో ఉన్న రెండు స్పర్శలు ఒక్కటిగానే తెలుస్తాయి కాబట్టి మోటార్ల మధ్య కనీసం పది సెంటీమీటర్లు ఉంచండి. తరగతిలో అయితే గురువు చేతి కింద ఒక బటన్ పెట్టి, ఆయన తాళం వేసినప్పుడల్లా పిల్లలందరి మోటార్లూ అదిరేలా చేయవచ్చు. వాళ్ళకు యంత్రం లెక్క కంటే గురువు చేతి లెక్క అందడం చాలా మేలు.

పాటకు వాయించేటప్పుడు పట్టీ తీసి పెట్టెయ్యండి. అక్కడ కాలప్రమాణం పాడేవారిది, మీ భుజం మీది అంకెది కాదు.

వారానికి ఒక రోజు పట్టీ లేకుండా రికార్డు చేసుకోండి. మొదలుపెట్టేముందు ఒక్క ఆవర్తనం అదురు చూసుకుని, స్విచ్ ఆపేసి, పాఠం మొత్తం మూడు కాలాల్లో వాయించండి. రికార్డింగ్‌లో మొదటి నాలుగు ఆవర్తనాలకు ఎన్ని సెకన్లు పట్టిందో, చివరి నాలుగింటికి ఎన్ని పట్టిందో చూడండి. 60లో రెండూ 32 సెకన్లు ఉండాలి. తేడా ఒక సెకను దాటితే మధ్యలో నాలుగేసి ఆవర్తనాలు కొలుచుకుంటూ వెళ్ళి, కాలం ఏ సొల్లు దగ్గర మారిందో పట్టుకోండి. మర్నాడు ఆ సొల్లు ఒక్కటే, వేగం 8 తగ్గించి, రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.